వేణ్నీళ్ల పద్దు

హల్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
విద్యార్థి సంఘం భవనం, రెండో అంతస్తు, చివరి గది.
రేడియేటర్ మర విరిగిపోయి
ఆపుదామన్నా ఆగని వేడి.
కిటికీ బార్లా తెరిచి
హంబర్ గాలికి మా ఉక్కపోత దానం చేస్తూ
మీటింగు మొదలుపెట్టాం.

నేను కోశాధికారిని.
కోశం అంటే ఒక ఐస్‌క్రీం డబ్బా,
అధికారం అంటే దాని మూత.

తెల్లబోర్డు మీద ఇమోజెన్ రాసింది:
మూడు వేల ఏడు వందల నలభై పౌండ్లు.
కింద రెండు గీతలు కొట్టింది
అంకె పారిపోతుందేమో అన్నట్టు.
రైలుకట్ట వెనక నిలవనీడ లేనివాళ్ల రాత్రి బస,
పద్దెనిమిది మంచాలు, రెండు షవర్లు,
ఆగస్టులో చచ్చిపోయిన బాయిలరు.

కేకులు, అంది తబిథా.
కేకులు పోయినేడూ అమ్మాం. పిండీ వెన్నా పోగా
మిగిలింది పందొమ్మిది పౌండ్లూ ఒక మాడిన గిన్నే.
వంతెన దాకా పరుగు, అన్నాడు కాలమ్.
పరిగెత్తేవాళ్లు దొరుకుతారు,
వాళ్ల మీద డబ్బు పెట్టేవాళ్లేరీ?
పబ్‌లో క్విజ్. పాత విద్యార్థులకు ఉత్తరాలు.
నేను రెండు గళ్లు గీశాను: పెట్టేది, వచ్చేది.
పెట్టేది ముందు నిండింది.

తర్వాత పోస్టరు.
వణికే మనిషి ఫొటో కావాలి, అన్నారెవరో.
గడ్డం ఉంటే మంచిది,
కళ్లు తిన్నగా మన వైపు చూడాలి.
ఒలూమిడే అప్పటిదాకా చిప్స్ తింటున్నాడు.
మంగళవారాలు అక్కడ దుప్పట్లు మడతపెట్టి వస్తాడు.
"వాళ్లు వణకరు," అన్నాడు.
"చన్నీళ్ల కింద నిలబడి గొంతెత్తి బూతులు పాడతారు.
చేతనైతే దాన్ని ఫొటో తియ్యండి."

కాసేపు రేడియేటర్ ఒక్కటే మాట్లాడింది.

ఆ సందులో నా నోటికొచ్చిందో పాత మాట:
వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు.
ఇంగ్లీషులోకి దింపబోతే కాళ్లడ్డం పెట్టింది.
చన్నీళ్లు పోస్తే చల్లారిపోవూ, అంది ఇమోజెన్.
కాదు, మా మేనత్త కాగులో నీళ్లు సలసలా మరిగేవి,
ఒంటిమీద పోసుకోవాలంటే రెండు చెంబుల చన్నీళ్లు...
చెబుతూ చెబుతూ ఆగిపోయాను.
కాగు కింద మంట ఎలాగూ ఉన్న ఇంట్లో
పుట్టిన సామెత అది.
ఆ బసలో చన్నీళ్లకేం కొదవ?
తోడు రావాల్సింది రెండోది.

చివరికి తేలిందేమిటంటే, స్నానాలు అమ్ముతాం.
ఒక్కొక్కటి నలభై పెన్నీలు.
తొమ్మిది వేల మూడు వందల యాభై స్నానాలు.
పోస్టరులో మనిషి ఉండడు.
ఆవిరి పట్టిన అద్దం, దాని మీద వేలితో రాసిన ధర.
అడగనిదే అమ్మయినా పెట్టదు కనక
ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లాలో పంచుకున్నాం:
చర్చి, చేపల ఫ్యాక్టరీ, బస్సు డిపో,
ఇద్దరు దంతవైద్యులు.
నా వాటాకి దంతవైద్యులు వచ్చారు.
ఇప్పటినుంచే పళ్లు బిగుసుకున్నాయి.

లేవబోతుంటే
ఒలూమిడే సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీశాడు.
బస చూసుకునే డోరీన్ ఇచ్చిందట.
ఆవిడ డబ్బు కాదు, వాళ్లే పోగేశారట.

గదిలో చలి తగలడం అప్పుడు గమనించాను.

నాణేలు బల్లమీద పోసి రెండుసార్లు లెక్కపెట్టాను.
పదకొండు పౌండ్ల నలభై.
ఇరవై ఎనిమిదిన్నర స్నానాలు.
మా జాబితాలో వాళ్లు లేరు.
పేరేమని రాయను? అన్నాను.
రాయొద్దన్నారు, అన్నాడు.

పద్దులో మొదటి వరస అలా పడింది,
పేరు చోట ఖాళీతో.

డబ్బా అడుగున ఒక గుండీ కూడా ఉంది.
నీలం రంగు, నాలుగు బెజ్జాలు, ఇంకా వేలాడుతున్న దారం.
పెట్టేదో వచ్చేదో తెలియక
రెండు గళ్ల మధ్య గీత మీద పెట్టాను.
బల్ల కదిలినప్పుడల్లా
కొంచెం జరుగుతోంది.